ఇన్‌పుట్ ఫైళ్లకు 0666 పెట్టకండి

లినక్స్‌లో పరికరాల ఫైళ్లు తెరిచేటప్పుడు ‘పర్మిషన్ డినైడ్’ వస్తే, యూడెవ్ రూల్‌తో (ఆ ఫైళ్ల పర్మిషన్లు నిర్ణయించే సెట్టింగ్) కీబోర్డు, మౌస్ సంకేతాలు వచ్చే ఇన్‌పుట్ ఈవెంట్ ఫైళ్లకు, వీసీఎస్ ఫైళ్లకు 0666 (అందరూ చదవొచ్చు, రాయొచ్చు అనే అనుమతి) ఇవ్వమని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ పేరా తీసేయండి సార్. హనుమకొండ, కాజీపేట కాలేజీ ల్యాబుల్లో ఒకే సిస్టమ్ మీద పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్ కూర్చుంటది. పొద్దుటి పిల్లవాడు నోహప్ కమాండ్‌తో వదిలిన ప్రోగ్రాం లాగవుట్ తర్వాత కూడా నడవగలదు. మధ్యాహ్నం వాళ్లు కొట్టే ప్రతి కీ, పాస్‌వర్డ్‌తో సహా, దానికి చేరుతది. వీసీఎస్ ఫైల్ టెక్స్ట్ కన్సోల్ (అక్షరాలు మాత్రమే కనిపించే కమాండ్ తెర) మీది అక్షరాలను ఉన్నదున్నట్టు ఇచ్చేస్తది.

తర్వాత 0600కు (యజమానికి మాత్రమే అనుమతి) మార్చినా సరిపోదు. పర్మిషన్ చూసేది ఫైల్ తెరిచేటప్పుడే, ముందే తెరిచిన ప్రోగ్రాం చదువుతూనే ఉంటది. రూల్ తీసేసి రీబూట్ చేయాలి. ఇన్‌పుట్ ఫైళ్లు చదివే అనుమతి ఉన్న ‘ఇన్‌పుట్’ గ్రూపులో అందరినీ చేర్చినా ఇదే ముప్పు. ఉబుంటులో ఆర్డుయినో బోర్డు కోసమైతే ‘డయలౌట్’ గ్రూపు (సీరియల్ పోర్టు వాడే అనుమతి ఇచ్చేది)లో చేరిస్తే చాలు, మళ్లీ లాగిన్ కావాలి.