మావోడు రేసర్ బ్బా!

తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. దాన్ని 50 నిమిషాల్లో లాగించేసి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ దిగే కుర్రాడు మన దగ్గర వీధికొకడు ఉంటాడు. పక్క సీట్లో వచ్చిన మేనమామ అప్పటికింకా సీటుబెల్టు వదలడు. అయినా టీ కొట్టు దగ్గర అల్లుడి పరువు నిలబెట్టాలి కాబట్టి, "మావోడు రేసర్ బ్బా! ఎక్కడో ఫార్ములా వన్‌లో ఉండాల్సినోడు" అంటాడు. ఇంతటి ప్రతిభ కాణిపాకం క్రాసు దగ్గర స్పీడ్ బ్రేకర్ల పాలైపోతుంటే చూస్తూ ఊరుకోవడం న్యాయం కాదు. అందుకే ఆ మేనమామ మాటను అక్షరాలా నమ్మి, ఆ కుర్రాణ్ణి ఓపెన్ వీల్ రేసు డ్రైవరును చేసే విధానాన్ని జిల్లా ప్రజల ముందు పెడుతున్నాం.

ఓపెన్ వీల్ అంటే చక్రాలు బాడీ బయట ఉండే బండి. మడ్‌గార్డులుండవు. ఆ లెక్కన మామిడి సీజన్లో బంగారుపాళ్యం మార్కెట్టు ముందు బారులు తీరే ట్రాక్టర్లకు కూడా అర్హత ఉంది, కనీసం ముందు చక్రాల వరకు. అయితే ఒక చిక్కుంది. ముందు పోయే బండి వెనక చక్రాన్ని వెనక నుంచి చూస్తే అది కింది నుంచి పైకి తిరుగుతూ కనిపిస్తుంది. వెనక బండి ముందు చక్రం పోయి దానికి ఆనుకుందా, ఆ తిరుగుడు దాన్ని పట్టుకుని పైకెత్తేస్తుంది. బండి గాల్లో పల్టీ కొడుతుంది. కాబట్టి లీలామహల్ సర్కిల్లో ఆటో పక్కన అంగుళం సందు వదిలి రాసుకుంటూ పోయే విద్య ఇక్కడ పనికిరాదు. మన కుర్రాడి మొదటి అర్హత ఇలా పోయింది.

రెండోది వయసు. అల్లుడికి ఇరవై మూడు. రేసు నేర్చుకునేవాళ్ల లెక్కల్లో అది దాదాపు రిటైర్‌మెంటు దగ్గరి వయసు. తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన మాక్స్ వెర్‌స్టాపెన్ 2015లో ఆస్ట్రేలియాలో మొదటి ఫార్ములా వన్ రేసు నడిపేనాటికి పదిహేడేళ్లు. అప్పటికి వాడి దగ్గర మామూలు రోడ్డు లైసెన్సు కూడా లేదు. ఆ తర్వాతే రేసు పెద్దలు మేల్కొని, పద్దెనిమిది నిండాలి, రోడ్డు లైసెన్సు ఉండాలి అని నిబంధన పెట్టారు, 2024లో దాన్ని కొంత సడలించారు. ఆ పాత నిబంధన లెక్కన ప్రపంచ చాంపియన్ కావాలన్నా ముందు రవాణా కార్యాలయం మైదానంలో 'హెచ్' ఆకారంలో రివర్సు తీసి చూపించాల్సిందే. మనవాళ్లలో చాలామంది ఆ పరీక్షకు పోకుండానే లైసెన్సు తెచ్చుకున్నారు కాబట్టి, ఈ మెట్టు మాత్రం సునాయాసం.

అసలు మొదలుపెట్టాల్సింది ఏడెనిమిదేళ్లకు, గోకార్ట్ అనే బుల్లి రేసు బండి మీద. మన కార్పొరేట్ కాలేజీలు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటాయి. ఎఫ్ వన్ ఫౌండేషన్ పెట్టాలంటే ఆరో తరగతి ఆలస్యమైపోయినట్టే. పక్క పిల్లాడికి అప్పటికి నాలుగేళ్ల సర్వీసు ఉంటుంది.

కార్ట్ చూడటానికి బొమ్మలా ఉంటుంది గానీ, దాని స్వభావం తెలియక తండ్రులు మోసపోతారు. దానికి సస్పెన్షన్ లేదు. స్ప్రింగులు చేసే పనంతా ఇనప గొట్టాల ఛాసీ వంగి చేస్తుంది. మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కూడా లేదు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో లోపలి చక్రం పోయే దూరం తక్కువ, బయటి చక్రానిది ఎక్కువ. మరి బండి ఎలా తిరగాలి? స్టీరింగ్ తిప్పగానే ఛాసీ మెలి తిరిగి, లోపలి వెనక చక్రం నేల నుంచి కొంచెం లేవాలి. లేవకపోతే బండి తిరగనని మొండికేసి ముందుకే తోస్తుంది, ఇంజిను గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది. అతిగా లేస్తే తోక ఊగుతుంది. అందుకే సీటును అర అంగుళం అటో ఇటో జరపడానికి మెకానిక్కూ తండ్రీ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కొట్టుకుంటారు. వెనక పళ్ల చక్రానికి రెండు పళ్లు పెంచితే మలుపు దాటాక ఊపు వస్తుంది, నేరు దారిలో వేగం తగ్గుతుంది. టూ స్ట్రోక్ ఇంజినుకు లీటరు పెట్రోల్లో కలిపే ఆయిలు 20, 30 మిల్లీలీటర్ల లెక్క. "కొంచెం తగ్గిస్తే పొగ రాదు గదా" అని తండ్రి సొంత తెలివి చూపిస్తే పిస్టన్ పట్టేస్తుంది. సీటు గట్టి ఫైబరు, మెత్త ఉండదు. పక్కటెముకల కవచం లేకుండా నడిపితే వారం రోజులు తుమ్మాలన్నా భయమే.

పక్కటెముకల మాట వచ్చింది కాబట్టి మన జిల్లా భౌగోళిక అనుకూలతను ప్రపంచం గుర్తించాలి. తిరుపతికి దగ్గర్లో ఉన్న అసలు సిసలు రేసు ట్రాక్ శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోటైలో ఉంది. 1990 నుంచీ నడుస్తోంది, చుట్టు 3.7 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి సుమారు 120 కిలోమీటర్ల దారి, మధ్యలో పుత్తూరు. పోయేటప్పుడు ఇడ్లీ, వచ్చేటప్పుడు పుత్తూరు కట్టు. ఇంత సౌకర్యం ఫార్ములా వన్ రేసుకు పేరుపడ్డ మొనాకోలో ఉందా? 2023లో లాన్స్ స్ట్రోల్ అనే ఫార్ములా వన్ డ్రైవరు సైకిలు మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుని, శస్త్రచికిత్స చేయించుకుని, రెండు వారాల్లో బహ్రెయిన్ రేసుకు దిగి ఆరో స్థానంలో వచ్చాడు. కోడిగుడ్డు తెల్లసొనా, ఆకుపసరూ, వెదురు బద్దలూ ఉంటే ఏ స్థానం వచ్చేదో ఊహించుకోవచ్చు. ఇక్కడే చెప్పుకోవాల్సిన చిన్న సంగతి, ఆ స్ట్రోల్ నడిపే టీం వాళ్ల నాయనదే. దీని గురించి కింద మళ్లీ వస్తుంది.

ఇక శరీరం. మనవాడికి కుడి చెయ్యి కిటికీ మీద, ఎడమ చెయ్యి గేరు మీద పెట్టి నడపడం అలవాటు. ఫార్ములా కారు గట్టి బ్రేకులో ఒంటి బరువును ఐదింతలు చేస్తుంది. తలా హెల్మెట్టూ కలిపి ఆరున్నర కిలోలనుకుంటే, మెడ మీద ముప్పై కిలోలు పైబడి వేలాడుతుంది. ఒక్కసారి కాదు, చుట్టుకు పదిసార్లు, యాభై అరవై చుట్లు. బ్రేకు పెడలు మీద వంద కిలోలకు పైగా తొక్కుడు పడాలి, అదీ ఎడమ కాలితో. వేడి దేశాల్లో రేసు ముగిసేసరికి రెండు మూడు కిలోల చెమట పోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం తిరుపతి బస్టాండులో నిలబడిన అనుభవం ఈ ఒక్క విషయంలో అక్కరకొస్తుంది. బరువు తగ్గించడంలోనూ మనకో వెసులుబాటు ఉంది. బండి పది కిలోలు బరువెక్కితే చుట్టుకు దాదాపు 0.3 సెకన్లు పోతాయని లెక్క. కొండ మీద గుండు కొట్టించుకుని దిగినవాడికి హెల్మెట్టు లోపల చల్లదనం అదనం. లడ్డూ విషయంలో మాత్రం నిగ్రహం తప్పదు, పంచిపెట్టాలి.

బ్రేకు దగ్గర మనవాళ్లు తెలుసుకోవాల్సింది ఎక్కువ ఉంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగేవాడికి నాలుగు మలుపులయ్యేసరికి కాలిన వాసన వస్తుంది. ఆరో మలుపుకు బ్రేకు ఆయిలు మరిగి పెడలు నేలకంటుతుంది. ఫార్ములా వన్ కార్బన్ బ్రేకులది తలకిందుల గుణం. చల్లగా ఉంటే అవి పట్టవు. వందల డిగ్రీలకు ఎక్కాకే పని మొదలుపెడతాయి, వెయ్యి డిగ్రీల దాకా ఎర్రగా కాలుతూ పనిచేస్తాయి. తొక్కే తీరు కూడా వేరు. 300 కిలోమీటర్ల వేగంలో రెక్కల మీద గాలి బండిని నేలకు అదిమి పెట్టి ఉంటుంది కాబట్టి మొదట్లోనే బలమంతా పెట్టి తొక్కాలి. వేగం సగమైతే ఆ అదుముడు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకని వేగం తగ్గేకొద్దీ కాలు కొంచెం కొంచెం వదులుతూ రావాలి. మనవాడి పద్ధతి సరిగ్గా దీనికి వ్యతిరేకం, ముందు మెల్లగా నొక్కి, ఆవు దగ్గరికొచ్చాక నిలబడి తొక్కుతాడు. రేసు కారులో అలా తొక్కితే చక్రం బిగుసుకుని ఈడ్చుకుపోతుంది, టైరు ఒకచోట చదునుగా అరుగుతుంది. తర్వాత చుట్టంతా బండి ఎడ్లబండిలా దడదడలాడుతుంది. కళ్లు అదిరి మలుపు ఎక్కడుందో కనపడదు. సత్యవేడు దగ్గర చినపాండూరులో మనం ఎన్ని టైర్లు తయారుచేసినా, ఫార్ములా వన్‌లో అందరికీ పిరెల్లీ టైర్లే, వారాంతానికి లెక్క ప్రకారమే ఇస్తారు. "అన్నా, ఇంకో సెట్టు వెయ్యి, తర్వాత చూసుకుందాం" అనే మాట అక్కడ చెల్లదు.

అన్నీ నేర్చాడనుకుందాం. ఇప్పుడు ఫార్ములా వన్ రేసుకు దిగనిచ్చే సూపర్ లైసెన్సు కావాలి. దానికి కింది మెట్ల రేసుల్లో మూడేళ్లలో 40 పాయింట్లు కూడబెట్టాలి, ఫార్ములా వన్ కారులో 300 కిలోమీటర్లు నడిపి చూపాలి. ఫార్ములా టూలో మొదటి ముగ్గురికి నలభై. ఫార్ములా త్రీ చాంపియన్‌కు ముప్పై. ఏదైనా ఒక ఫార్ములా ఫోర్ గెలిస్తే పన్నెండు. ఇక్కడ జిల్లా ప్రజలకు ఒక దుర్వార్త: ఎమ్మెల్యే లెటరు మీద పాయింట్లు ఇవ్వరు. బ్రేక్ దర్శనం దొరుకుతుంది, బ్రేకింగ్ పాయింటు దొరకదు.

లెటరు చెల్లదన్న మాత్రాన డబ్బు చెల్లదని అనుకోకూడదు. ఈ వృత్తిలో మొదటి పదేళ్లు జీతం డ్రైవరుకు రాదు, డ్రైవరే టీముకు ఇస్తాడు. దేశంలో కార్టింగ్ ఏడాదికి లక్షలు తింటుంది, తిరుచానూరు రోడ్డులో ప్లాటు పోతుంది. యూరప్ ఫార్ములా ఫోర్ కోట్లలోకి దిగుతుంది, మామిడి తోట పోతుంది. ఫార్ములా త్రీకి బావమరిది వాటా కూడా సంతకం చేయించుకోవాలి. ఫార్ములా టూ ఒక్క సీజన్‌కు సుమారు 20 నుంచి 30 కోట్లంటారు. ఆ దశకు అమ్మడానికి ఊళ్లో ఇంకేమీ మిగలదు కాబట్టి స్పాన్సరును పట్టుకోవాలి. ఇదంతా పోటీ పడేది ఎన్ని కుర్చీల కోసమంటారా? 2026లో పదకొండో టీం వచ్చాక ప్రపంచం మొత్తం మీద 22. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లో కూర్చున్నవాడికి ఎప్పుడో ఒకప్పుడు గేటు తీస్తారన్న భరోసా ఉంటుంది. రిజర్వు డ్రైవరుకు అదీ లేదు, మెడలో పాసు వేసుకుని, హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని, ముందున్నవాడికి జ్వరం రావాలని పైకి కోరుకోకుండా కూర్చుంటాడు.

ఇండియా నుంచి ఇంతవరకు ఫార్ములా వన్ రేసుకు దిగింది ఇద్దరే. ఒకరు కోయంబత్తూరు, ఇంకొకరు చెన్నై. నరైన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ కారు నడిపారు. ఆ ఏడాది ఇండియానాపొలిస్‌లో మిషెలిన్ టైర్ల బండ్లన్నీ భయపడి పక్కకు తప్పుకుంటే మిగిలిన ఆరుగురిలో నాలుగో స్థానం, ఐదు పాయింట్లు. కరుణ్ చందోక్ 2010లో వచ్చారు, ఇప్పుడు టీవీలో ఇతరుల తప్పులు వివరిస్తున్నారు. వృత్తిలో అన్నిటికన్నా భద్రమైన సీటు అదే. ఇక ఆ జోర్డాన్ టీం చేతులు మారి 2008లో ఫోర్స్ ఇండియా అయింది. మన దేశం పేరు, మన జెండా రంగులు, మనవాళ్ల యాజమాన్యం. పదేళ్లు నడిచింది. రేసులో మన డ్రైవరు మాత్రం ఒక్కడూ కూర్చోలేదు. అదే టీం ఇంకా చేతులు మారి ఇప్పుడు ఆస్టన్ మార్టిన్ అయింది, పైన చెప్పుకున్న స్ట్రోల్ నాయన పుత్రవాత్సల్యం అక్కడిదే. పిల్లాడికి సీటు కావాలంటే కాలేజీనే కొనేయడం మనవాళ్లకు కొత్త ఆలోచనేమీ కాదు కాబట్టి, ఈ మార్గాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

గ్రేటర్ నోయిడాలో ట్రాక్ కట్టారు, 2011 నుంచి మూడు గ్రాండ్ ప్రీలు, అంటే ఫార్ములా వన్ రేసులు జరిగాయి, మూడూ జర్మనీ డ్రైవరు వెటెల్ గెలిచాడు, ఆగిపోయింది. హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023లో కరెంటు కార్ల రేసు ఒకటి జరిగింది, రెండోది జరగలేదు. తిరుపతిలో మాత్రం ఒక ట్రాక్ దశాబ్దాలుగా ఆగకుండా నడుస్తోంది. దాన్ని ఎవరూ గుర్తించకపోవడమే ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం.

ఫార్ములా వన్‌లో ట్రాక్ మీద ప్రమాదం జరిగితే వర్చువల్ సేఫ్టీ కార్ అని ప్రకటిస్తారు. 2015లో తెచ్చిన నిబంధన. అప్పుడు ప్రతి డ్రైవరూ ఒక కనీస సమయం కన్నా ముందు ట్రాక్‌లోని ఆయా ముక్కలు దాటకూడదు. ఎంత ముందున్నాడో, ఎంత వెనకున్నాడో స్టీరింగు మీది తెర మీద చూపిస్తుంది. తొందరపడితే శిక్ష. ప్రపంచంలోని మహామహులు దీన్ని నేర్చుకోవడానికి సిమ్యులేటర్లలో కూర్చుంటారు. మరి తిరుమల ఘాట్ రోడ్డు? ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు, అంతకన్నా ముందొస్తే జరిమానా. పైన చీటీ మీద టైము వేస్తారు, కింద చూస్తారు. ఇంజినీరు లేడు, రేడియో లేదు, తెర లేదు. కేవలం చీటీ మీద, అనుభవం మీద ఆధారపడి ఇంత కఠినమైన విద్యను సాధన చేస్తున్న జనాభా భూమ్మీద ఇంకెక్కడా లేదు.

మంచి డ్రైవరు ఆ కనీస సమయాన్ని పచ్చ లైటు వెలిగే క్షణానికి సరిగ్గా సున్నాకు తెస్తాడు, ఒక్క పదోవంతు సెకను కూడా వదలడు. మన అల్లుడూ అంతే. 26 నిమిషాల్లో కొండ దిగేశాడు. కింద గేటు కనపడే లోపే ఆఖరి మలుపు దగ్గర, తనలాంటి మరో ఐదుగురు రేసర్ల వెనక, బండిని వారగా ఆపాడు. ఇంజిను ఆపి, ఫోన్లో టైము చూసుకుని, వేరుశనగల పొట్లం విప్పాడు. ఇంకా పద్నాలుగు నిమిషాలుంది. మేనమామ ఇప్పటికి సీటుబెల్టు వదిలాడు.