రక్తం తీసుకున్నారు సరే.. మందేది?

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్లలోపు వయసున్న ఏడు కోట్ల మందికి ఉచిత పరీక్షలు, 2047 నాటికి వ్యాధి మాయం. పరీక్షించినవాళ్లు ఆరు కోట్లు దాటారని 2025లో కేంద్రం ప్రకటించింది కూడా. అంకె ఘనంగానే ఉంది. నా పేచీ అంతా ఆ అంకెతోనే.

గూడెంలో శిబిరం అంటే ఫ్లెక్సీ, టెంటు, వేలి కొసన రక్తం చుక్క, చేతికో పరీక్ష ఫలితం కార్డు. చాలాచోట్ల మొదట చేసే ద్రావణీయత పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ మనిషికి జబ్బే ఉందో, జన్యువు మోస్తున్న వాహకుడు మాత్రమేనో తేలదు. తేల్చడానికి రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్ష, అంటే ఎలక్ట్రోఫోరెసిస్‌ కావాలి, లేదా హెచ్‌పీఎల్‌సీ కావాలి. జబ్బేనని తేలాక అసలు పని మొదలవుతుంది. చాలామంది రోగులు జబ్బు తీవ్రతను తగ్గించే హైడ్రాక్సీయూరియా అనే మందు రోజూ వేసుకోవాలి, మధ్యమధ్యలో రక్తకణాల సంఖ్య చూపించుకోవాలి. పసిపిల్లలకైతే అయిదేళ్లు వచ్చేదాకా పెన్సిలిన్, టీకాలు. ఇందులో ఏ ఒక్కటీ టెంటు కింద ఒక్కరోజులో అయ్యేది కాదు.

ఈ దారిలో అమెరికా యాభై ఏళ్ల కిందటే నడిచి దెబ్బతింది. నల్లజాతి వాళ్లను పట్టి పీడిస్తున్న ఈ జబ్బును ప్రభుత్వం పట్టించుకోవడం లేదని నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ 1971లో తానే ఉచిత పరీక్షలకు దిగింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు నిక్సన్ సికిల్ సెల్ నియంత్రణ చట్టంపై సంతకం చేశాడు. అదే ఊపులో అనేక రాష్ట్రాలు నల్లజాతి వాళ్లకు పరీక్షను తప్పనిసరి చేశాయి. ఫలితం? ఏ జబ్బూ లేని వాహకులకు ఉద్యోగాలు పోయాయి, బీమా దొరకలేదు. వైమానిక దళ అకాడమీ 1981 దాకా వాళ్లకు తలుపులు మూసేసింది. చేతిలో మందు లేకుండా పరీక్ష మాత్రమే ఉంటే మిగిలేది ముద్ర.

కథ మలుపు తిరిగింది 1986లో. రోజూ పెన్సిలిన్ ఇచ్చిన చిన్నారుల్లో ప్రాణాంతక న్యుమోకాకల్ బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని తేలడంతో ఆ అధ్యయనాన్నే గడువుకు ముందు ఆపేశారు. పుట్టగానే బిడ్డను పరీక్షించడానికి అప్పుడు అర్థం వచ్చింది. 2006 నాటికి అన్ని రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. మందు కనిపించాకే పరీక్ష ప్రాణం పోసిందన్నమాట.

ఇంకో ఉదాహరణ నాకు మరీ ఇష్టం. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో నల్లజాతి మగవాళ్లు వెళ్లే 52 క్షౌరశాలల్లో రక్తపోటు మీద ఒక అధ్యయనం జరిగింది, 2018లో వెలువడింది. కొన్ని షాపుల్లో మంగలి బీపీ గురించి మాట్లాడి, డాక్టరును కలవమని చెప్పేవాడు. మిగతా షాపులకు ఫార్మసిస్టే వచ్చి అక్కడికక్కడ మందు రాసి, మళ్లీ మళ్లీ వచ్చి చూసేవాడు. ఆరు నెలల్లో మొదటి చోట పై బీపీ 9 పాయింట్లు తగ్గితే, రెండో చోట 27 తగ్గింది. షాపులు అవే, నమ్మకం అదే. తేడా అంతా మందు నడిచి రావడంలో ఉంది.

మన ఏజెన్సీలో అలాంటి చోటు కావాలంటే వెతకనక్కర్లేదు, వారం వారం సంత ఉంది. గోండులు, కోలాములు, కోయలు ఎలాగూ వచ్చే చోటది. గోండి, కోలామీ వచ్చిన ఆరోగ్య కార్యకర్త ప్రతి సంతలోనూ హైడ్రాక్సీయూరియా డబ్బాతో, రక్త నమూనా తీసే సరంజామాతో కూర్చుంటే చాలు. డోలీ కట్టి మనిషిని కొండ దించే చోట, నెలనెలా జిల్లా ఆసుపత్రికి రమ్మనడం వైద్యం కాదు, వెటకారం.

రోగులెవరో తెలియకుండా వైద్యం ఎలా, ముందు లెక్క తేలాలి కదా అంటారు అధికారులు. వాహకులు ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం కాబట్టి కార్డు అవసరమేనంటారు. నిజమే. కానీ లెక్క తేలిన మరునాడు ఏం చేస్తారన్నదే ప్రశ్న. విడమరిచి చెప్పే మనిషి లేని చోట ఆ కార్డు పెళ్లిచూపుల్లో ఆడపిల్ల మెడకే చుట్టుకుంటుంది.

అసలు రోగం మన పాలనలో ఉంది. ఎనభైల్లో రుణమేళాలు చూశాం, తర్వాత జాబ్ మేళాలు, ఇప్పుడు ఆరోగ్య మేళాలు. మేళాకు వేదిక ఉంటుంది, రిబ్బను ఉంటుంది, సాయంత్రానికి ఒక అంకె ఉంటుంది. పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు భర్తీ చేస్తే పేపర్లో ఫొటో రాదు. ఏఎన్ఎంను కాంట్రాక్టు మీద ఏళ్ల తరబడి నడిపించి, ఆమెతోనే లక్ష పరీక్షల టార్గెట్ మోయించడానికి మాత్రం ఎవరికీ మొహమాటం లేదు. ఆదివాసీ ఈ వ్యవస్థ కంటికి పౌరుడిగా ఎప్పుడో గానీ ఆనడు, లబ్ధిదారుల జాబితాలో వరుస సంఖ్యగానే ఆనుతాడు.

ఆరు కోట్ల పరీక్షల్లో జబ్బు ఉన్నట్టు తేలినవాళ్లు రెండు లక్షలకు పైనే. మంత్రులు ఇకమీదట వేదికెక్కితే చెప్పాల్సింది వాళ్ల గురించి. పోయిన నెలలో వాళ్లలో ఎంతమందికి హైడ్రాక్సీయూరియా అందింది, ఎంతమందికి రక్త పరీక్ష మళ్లీ జరిగింది, ఏ పీహెచ్‌సీలో మందు నిండుకుంది? నెలనెలా, పీహెచ్‌సీ వారీగా ఆ జాబితా గోడ మీద అంటించమనండి.