కల్ట్ బిరుదు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ కల్ట్ బిరుదు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఈ మధ్య తెలుగు రాష్ట్రాల్లో తమరికి ఊపిరి సలపడం లేదు. బెనిఫిట్ షోలో టైటిల్స్ పడకముందే ‘కల్ట్ బొమ్మ’ అని కేకలు వినిపిస్తాయి, తమరు ప్రత్యక్షమవుతారు. హీరోల దగ్గరికి ఇంత టంచనుగా వెళ్లే తమరు అమెరికా డాన్సరూ నటీ అయిన తురా సటానా విషయంలో ముప్పై ఏళ్లు తాత్సారం ఎందుకు చేశారో కనుక్కుందామనే ఈ ఉత్తరం.

మరిచిపోయి ఉంటే గుర్తు చేస్తా. ఆవిడ 1938లో జపాన్‌లోని హొక్కైడోలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం పుణ్యమా అని అమెరికాలో జపాన్ మూలాలున్న వాళ్లని కట్టగట్టి పెట్టిన మాంజనార్ క్యాంపులో కొన్నాళ్లుంది. తర్వాత షికాగో. ఆవిడ జపాన్ ముఖం చూసి తోటిపిల్లలు వదిలిపెట్టకపోతే కరాటే, ఐకిడో నేర్చుకుంది. టీనేజ్‌లోనే బర్లెస్క్ స్టేజీ ఎక్కింది. బర్లెస్క్ అంటే పెద్దమనుషులు టికెట్టు కొనుక్కుని మరీ చూసి, బయటికొచ్చి ‘ఛీ’ అనే డాన్సు. (మనకీ తెలిసిన కళే. ‘ఛీ’ అనే విద్యలో మనం ఎవరికీ తీసిపోం.)

1965లో రస్ మేయర్ తీసిన ‘ఫాస్టర్, పుస్సీక్యాట్! కిల్! కిల్!’ సినిమాలో ఆవిడది వార్లా పాత్ర. నల్ల బట్టలు, నల్ల గ్లౌజులు, ఎడారిలో పోర్షే కారు. కార్ల పందేనికొచ్చిన కుర్రాణ్ని ఒట్టి చేతులతో చంపేస్తుంది. ఇంకో సీనులో ఒక కండల వీరుణ్ని కారుతో గోడకి అదిమేస్తుంది. వాడు రెండు చేతులా కారుని వెనక్కి నెడుతుంటాడు, చక్రాలు మట్టిలో గిర్రున తిరుగుతుంటాయి, ఈవిడేమో ఆక్సిలరేటర్ మీంచి కాలు తియ్యదు. డూపు లేదు, ఫైట్లన్నీ స్వయంగా చేసింది.

బొమ్మ ఫట్. తమరు అటువైపు తొంగి కూడా చూడలేదు.

ఆ తర్వాత 1968లో ఒకటి, 1973లో ఒకటి చవక బడ్జెట్ సినిమాలు, చెప్పుకోదగ్గవి అంతే. ఆస్పత్రిలో పనిచేసింది. లాస్ ఏంజెలెస్ పోలీసులకి రేడియోలో కబుర్లందించే డిస్పాచర్‌గా పనిచేసింది. 1981లో కారు ప్రమాదంలో వెన్నెముక విరిగింది. అప్పుడైనా ఒక దండ పట్టుకుని పలకరింపుకి రావాల్సింది కదండీ! ఎక్కడ సన్మానం చేయించుకుంటున్నారో ఏమో.

1995లో సినిమా మళ్లీ థియేటర్లకొచ్చింది. అప్పుడు దిగారు మహానుభావులు, టీషర్టులతో, పోస్టర్లతో! ఆడవాళ్లకి అవమానమని ఒకప్పుడు ఆ సినిమాని కొట్టిపారేసిన విమర్శకురాలు బి. రూబీ రిచ్ కూడా మాట మార్చి మెచ్చుకుంది. ఆవిడ నయం, మారానని బాహాటంగా రాసింది. మిగతావాళ్లంతా మొదట్నించీ అభిమానులమే అన్నట్టు ఫోజు. యాభై ఏడేళ్ల మనిషి చుట్టూ చేరి ఆటోగ్రాఫులు తీసుకున్నారు గానీ, కొత్త సినిమాలో ఓ మంచి వేషం ఇద్దామని ఎందరికి తోచింది? 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని రీనో ఊళ్లో తురా కన్నుమూసింది.

అదే ఏడాది డిసెంబర్లో తమరు మా వైపూ వచ్చారు. ఏలూరు దగ్గర కొవ్వలి అమ్మాయి విజయలక్ష్మిని సిల్క్ స్మితగా వాడుకున్నన్నాళ్లు వాడుకుని, 1996లో ఆవిడ పోయిన పదిహేనేళ్లకి హిందీలో సినిమా తీశారు. ఆవిడలా నటించినందుకు విద్యా బాలన్‌కి జాతీయ అవార్డు వచ్చింది. విద్య బాగానే చేసింది, తప్పు పట్టను. తమరి టైమింగే అద్భుతం.

ఇకమీదట తమరు ఏ డాన్సర్ గడప తొక్కినా, మోకాళ్లు పనిచేస్తున్నప్పుడే తొక్కండి. శాలువా వద్దు, చెక్కు తెండి. తేదీ వేసి, సంతకం పెట్టి, బౌన్స్ కాకుండా.

ఇట్లు,
తమరి విధేయుడు,
నేల టికెట్టు ప్రేక్షకుడు

తా.క.: వచ్చే నెల మా ఊళ్లో పాత సినిమా ఒకటి రీ-రిలీజట, తమరే ముఖ్య అతిథి. వస్తూ వస్తూ అందులో క్లబ్ సాంగ్ చేసినావిడ పేరు కనుక్కుని రండి. నలభై అడుగుల ఫ్లెక్సీలో చోటు చాల్లేదట.