పచ్చ ప్లేటు కింద వేగానికి రాయితీ

నలుగురు కూర్చుని ఆఫీసుకో బడికో వెళ్లే చిన్న కారుకు 435 హార్స్‌పవర్ దేనికి? 2023లో బ్రిటన్ మార్కెట్లోకి వచ్చిన ఎంజీ4 ఎక్స్‌పవర్ అనే విద్యుత్ హ్యాచ్‌బ్యాక్ 3.8 సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. స్పోర్ట్స్ కార్లకే సాధ్యమైన పరుగు అది. పొగ రాదు కాబట్టి దీన్నీ పర్యావరణ హితం అనేస్తున్నారు. మేము ఒప్పుకోం.

ఇదే కారులో ఒక్క మోటారుతో నడిచే 203 హార్స్‌పవర్ రకం కూడా ఉంది. రెండింటిలోనూ బ్యాటరీ 64 కిలోవాట్ అవర్లదే. అధికారిక పరీక్షలో ఒక్క మోటారు కారు ఒకసారి చార్జింగ్‌తో దాదాపు 450 కిలోమీటర్లు వెళితే, ఎక్స్‌పవర్ 385 దగ్గరే ఆగిపోతుంది. అదే బ్యాటరీతో 65 కిలోమీటర్లు తక్కువ. ఈ తేడా కొన్నవాడి సరదాకు ఖర్చయింది. మన దేశంలో కరెంటులో సుమారు 70 శాతం బొగ్గు నుంచే వస్తోంది. ఇక్కడ ఇలాంటి కారు తిరిగితే దాని పొగ రోడ్డు మీద కనపడదు, రామగుండంలోనో ఇబ్రహీంపట్నంలోనో ఉన్న బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో పైకి లేస్తుంది.

పైగా రెండో మోటారుతో కారు బరువు పెరుగుతుంది, బరువు పెరిగేకొద్దీ టైర్లు ఎక్కువ అరుగుతాయి. ఆ ధూళి విద్యుత్ కారుదైనా పీల్చేది మనమే. అందుకే యూరప్ తన యూరో 7 నిబంధనల్లో టైర్ల అరుగుదలకు, బ్రేకుల ధూళికి తొలిసారి పరిమితులు పెట్టింది, విద్యుత్ కార్లనూ వదల్లేదు. చైనా ఇంకో అడుగు వేసింది. కారు ఆన్ చేసిన ప్రతిసారీ దాని మామూలు సెట్టింగులో వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి కనీసం 5 సెకన్లు పట్టేలా ఉండాలని 2025 నవంబరులో ముసాయిదా విడుదల చేసింది. ప్రపంచంలో అత్యధికంగా విద్యుత్ కార్లు తయారుచేసే దేశానికే ఈ పిచ్చి వేగం చూసి టెన్షన్ పట్టుకుంది.

పెట్రోలు కార్ల మోజున్న కుర్రకారును ఇటు తిప్పాలంటే ఇంత ఆకర్షణ ఉండాలని తయారీదారులు చెబుతున్నారు. కావచ్చు. ఆ ఆకర్షణకు ప్రజల డబ్బుతో రాయితీ ఎందుకు?

మా అభ్యంతరమంతా ఇక్కడే. చిన్న పెట్రోలు కారుకు జీఎస్టీ 18 శాతం. విద్యుత్ కారైతే పది లక్షలదైనా, 70 లక్షలు దాటిన రెండు సీట్ల ఎంజీ సైబర్‌స్టర్ అయినా 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. ఆటో నడుపుకొనేవాడికీ, 3.2 సెకన్లలో వంద అందుకునే సైబర్‌స్టర్ కొన్నవాడికీ ఒకటే మాఫీ. కోటీశ్వరుడికి తెల్ల రేషన్ కార్డు ఇచ్చినట్టుంది ఈ వ్యవహారం. కర్ణాటక 2024లోనే 25 లక్షలు దాటిన విద్యుత్ కార్లపై 10 శాతం జీవితకాల పన్ను వేసింది. మనకేం అడ్డొచ్చింది?

చురుకైన కారు, పొదుపైన కారు ఒకటిగా ఉండకూడదని మేము అనడం లేదు. హోండా 1983లోనే సీఆర్-ఎక్స్ అనే చిన్న పెట్రోలు కారుతో అది చేసి చూపించింది. బరువు దాదాపు 800 కిలోలే కాబట్టి చిన్న ఇంజిన్‌తోనే హుషారుగా పరిగెత్తేది, తక్కువ తాగేది. అదే సంస్థ 2010లో పెట్రోలు ఇంజిన్‌కు విద్యుత్ మోటారు జోడించిన హైబ్రిడ్ సీఆర్-జెడ్ తెచ్చేసరికి బరువు 1,100 కిలోలు దాటింది. అటు స్పోర్ట్స్ కారూ కాలేదు, ఇటు పొదుపులో మేటీ కాలేదు. 2016కల్లా తయారీ ఆగిపోయింది. ఇంజినీర్లు తెలివి చూపాల్సింది బరువు తగ్గించడంలో, గాలి నిరోధాన్ని తగ్గించడంలో. ఇంకో మోటారు తగిలించి, వెనక పచ్చని ఆకు బొమ్మ అంటించడం డిజైన్ కాదు.

తెలంగాణ మాఫీ గడువు 2026 డిసెంబరు 31. దాన్ని పొడిగించాలనుకుంటే రవాణా శాఖ ముందు కారు ధర, బరువు, కిలోమీటరుకు ఖర్చయ్యే కరెంటు చూడాలి. ఇవాళ సైబర్‌స్టర్‌కు ఇచ్చింది రేపు ఇంకొకరు హక్కుగా అడుగుతారు, కాదనడానికి ప్రభుత్వం దగ్గర కారణం ఉండదు. ఆర్టీసీకి కొత్త బస్సులంటే నిధుల కొరత చెప్పే పాలకులు రేసు కార్లకు పన్ను వదిలేసి, దానికి పర్యావరణం అని పేరు పెట్టడం సిగ్గుచేటు.