సిస్టమ్ బాగానే నడుస్తోందిగా అంటే సరిపోదు

2025లో విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అక్టోబర్ 7న అయింది, సరిగ్గా వారం తిరిగేసరికి 14వ తారీఖున మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలుగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. సిరిమాను ఊరంతా చూసింది, రెండోది మాత్రం మన దగ్గర ఎవరికీ పట్టలేదు, పట్టకపోవడంలో వింత కూడా లేదు, ఎందుకంటే మర్నాడు పొద్దున్న కూడా సిస్టమ్ ఎప్పట్లాగే ఆన్ అయింది, బిల్లు కొట్టింది, ప్రింట్ ఇచ్చింది. కోట జంక్షన్ దగ్గర జిరాక్స్ షాపు ఆయన మమ్మల్ని సూటిగానే అడిగారు, "బాగా నడుస్తున్నదాన్ని కెలకడం దేనికి బాబూ, కొత్తది వేయించాక ప్రింటర్ పని చెయ్యకపోతే నా గిరాకీ ఏటవుతాది?" అని. న్యాయమైన ప్రశ్న, విండోస్ 11 వేయించాలా వద్దా అన్న లెక్కంతా ఇందులోనే ఉంది.

ముందు ఒక భయం తీసేద్దాం, విండోస్ 10 ఆగిపోదు, మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు. 2015 జులైలో వచ్చిన ఆ ఓఎస్‌లో (సిస్టమ్‌ని నడిపించే అసలు ప్రోగ్రామ్‌లో) ఇకమీదట బయటపడే కంతలకి, అంటే దొంగలు దూరగలిగే లోపాలకి, మామూలుగా అయితే మాట్లు పడవు, అంతే. కానీ ఆ అంతే అన్నదే పెద్ద సంగతి. విండోస్ 11లో ఒక కంత పూడ్చిన ప్రతిసారీ దొంగలు ఆ మాటు ఎక్కడ వేశారో చూసుకుని అదే కంత పాత దాంట్లో కూడా ఉందేమో వెతుకుతారు, రెండూ ఒక కుదురువే కాబట్టి చాలాసార్లు ఉంటుంది కూడా. అంటే నెలలు గడిచేకొద్దీ పాత సిస్టమ్ ఉన్న చోటే ఉండదు, లోపల్నుంచి గుల్లవుతూ ఉంటుంది.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనుకునేవాళ్లు 2017 మే నెల గుర్తు చేసుకోవాలి. వానాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడి ఫైళ్లకి తాళాలేసి డబ్బులడిగింది, ఆంధ్రప్రదేశ్‌లో 18 పోలీసు యూనిట్లలో కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని అప్పుడు వార్తలొచ్చాయి, ఆ జిల్లాల పేర్లలో మన శ్రీకాకుళం కూడా ఉంది. ఆ కంతకి మాటు మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే వచ్చేసింది. వేసుకున్నవాళ్లు నిద్రపోయారు, వేసుకోనివాళ్లు, వేసుకుందామన్నా రాని పాత ఓఎస్ వాడేవాళ్లు దొరికిపోయారు. ఇప్పుడు గడువు పొడిగించుకోకుండా విండోస్ 10 దగ్గర ఆగిపోయినవాళ్లందరూ ఆ రెండో గుంపులోకే చేరుతున్నారు.

మా అభిప్రాయం ఒక్కటే, ఈ నిర్ణయం సిస్టమ్ వయసు చూసి తీసుకునేది కాదు, అందులో ఎవరి కాయితాలున్నాయో చూసి తీసుకునేది. ఇంట్లో పిల్లలు పాటలు వినే సిస్టమ్ అయితే అది మీ ఇష్టం. జనం ఆధార్ కాపీలు, పాస్‌బుక్ జిరాక్సులు, రిపోర్టులు, పట్టాదారు పుస్తకాలు స్కాన్ చేసి పెట్టుకునే నెట్ సెంటర్ సిస్టమ్, వందమంది వ్యాపారుల జీఎస్టీ పాస్‌వర్డులున్న అకౌంటెంటు సిస్టమ్, పలాసలో జీడిపప్పు వ్యాపారి లావాదేవీలన్నీ ఉన్న టాలీ (లెక్కలు రాసుకునే ప్రోగ్రామ్) సిస్టమ్, ఇవి మాత్రం మీ ఒక్కరి ఇష్టానికి సంబంధించినవి కావు. టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చి కాయితాలు మీ చేతికిచ్చిన ముసలావిడకి మీ సిస్టమ్‌లో ఏ విండోస్ ఉందో తెలీదు, ఆవిడ మిమ్మల్ని నమ్మి ఇచ్చింది.

మార్చుదామంటే అన్ని సిస్టమ్‌లూ ఒప్పుకోవు, అసలు చిక్కు ఇదే. విండోస్ 11కి తాళం చెవుల్లాంటి రహస్య కోడ్‌లు దాచే టీపీఎం 2.0 అనే చిప్పు, సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు దొంగ ప్రోగ్రాములు దూరకుండా చూసే సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు 8వ తరం నుంచి పైన ఉండాలి, అంటే 2017 చివర్లోనో ఆ తర్వాతో వచ్చినవి. పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత ప్రోగ్రామ్ ఉంది, అది నడిపితే అవుతుందో కాదో అదే చెప్తుంది, కాదని చెప్పినా వెంటనే నిరాశపడక్కర్లేదు, కొన్నిట్లో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉంటుంది. ఏదో ఒకటి చేసి ఎక్కించేస్తాం అనే షాపులు కూడా ఉన్నాయి, అలా ఎక్కించిన దానికి రేపు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు, కాబట్టి పని చేసుకునే సిస్టమ్‌కి ఆ దారి వద్దనే చెప్తాం.

ఇంట్లో వాడే పాత సిస్టమ్‌కి ఇంకొంత గడువు సంపాదించుకోవచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా ముఖ్యమైన సెక్యూరిటీ మాట్లు వస్తాయి, సెట్టింగులు మైక్రోసాఫ్ట్ అకౌంటుకి బ్యాకప్ పెట్టుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు. కంపెనీలకి ఆఫీసులకి లెక్క వేరు, సిస్టమ్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, అదీ మూడేళ్లే, ఆ డబ్బుతో కొత్త సిస్టమ్ వైపు నడవడమే మేలు.

కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీ వాళ్ల బాధ మాకు బాగా తెలుసు, పత్రిక నడుపుకునే మాదీ అదే బతుకు కాబట్టి. పాతికేళ్లుగా అను అనే తెలుగు ఫాంట్లకి అలవాటైన వేళ్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో చేసిన పెళ్లి శుభలేఖలు కరపత్రాలు వేలకొద్దీ, ఆ పేజ్‌మేకర్ ఏమో 7.0 దగ్గరే ఆగిపోయింది. విండోస్ 11లో 32 బిట్ రకం అసలు లేదు, 32 బిట్ ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి గానీ అంతకంటే పాతవి నడవవు, పాత ప్రింటర్లకి డ్రైవర్లు పడతాయో లేదో వేసి చూస్తే గానీ తెలీదు, వేలిముద్ర మెషిన్లయితే ఆ కంపెనీ వాళ్లని ముందే అడగాలి. మా ఆఫీసులో ఒక సిస్టమ్‌కి తొందరపడి విండోస్ 11 వేయిస్తే సాయంత్రం పేజీలు వెళ్లే టైముకి ప్రింటర్ మొండికేసింది, ఆ రాత్రి పడ్డ అవస్థ ఇంకా మర్చిపోలేదు. రెండోసారి వేరేగా చేశాం, పాత డిస్కు ఊడదీసి అలాగే బీరువాలో పెట్టి, కొత్త ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు) వేసి దాంట్లో విండోస్ 11 ఎక్కించి, వారం రోజులు అన్ని పనులూ చేసి చూశాం, తేడా వస్తే పాత డిస్కు తిరిగి పెట్టుకోవడం పది నిమిషాల పని. డిస్కు మార్చకుండా ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేసుకున్నా 10 రోజుల్లోపు వెనక్కి వెళ్లే వీలుంది, కానీ ఆ 10 రోజులు గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ.

షాపుకి ఇచ్చే ముందు రెండు సంగతులు. మన దగ్గర విండోస్ వేయించడం అంటే సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టడమే, డెస్క్‌టాప్ మీదున్నవి, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, చాలామందికి టాలీ డేటా కూడా ఉండేది ఆ సీ డ్రైవ్‌లోనే, అందుకని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ కాపీ ఇంకో సిస్టమ్‌లో తెరిచి చూసుకున్నాకే ఇవ్వండి. రెండోది ఇంకా ముఖ్యం, కొత్తగా వేసే విండోస్ 11 మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే డ్రైవ్‌కి దానంతటదే తాళం వేసుకునే వీలుంది, ఆ తాళం చెవి 48 అంకెల నంబరు, అది ఆ అకౌంటులోనే దాచుకుంటుంది. షాపు కుర్రాడు పని బేగి అవ్వాలని తన మెయిల్ ఐడీ కొట్టేస్తే మీ డేటా తాళం అతని దగ్గరుంటుంది. పక్కనే కూర్చుని మీ ఐడీతోనే చేయించుకోండి, ఆ నంబరు కాయితం మీద రాసి దాచుకోండి. అక్టోబర్ అంటే మనకి తుఫాన్ల నెల, హుద్‌హుద్, తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి, యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే అప్‌గ్రేడ్ మొదలెట్టకండి, సగంలో కరెంటు పోతే కష్టం.

విండోస్ 11కి పనికిరాని సిస్టమ్‌ని తూకానికి అమ్మేయక్కర్లేదు. విండోస్ బదులు వేసుకునే లినక్స్ మింట్ లాంటి ఓఎస్‌లు ఉచితం, మింట్ 22వ వెర్షన్‌కి 2029 దాకా అప్‌డేట్లున్నాయి, మెయిలు చూసుకోడానికి, ఉత్తరం టైపు చేసుకోడానికి, యూనికోడ్ తెలుగుకి ఏ ఇబ్బందీ లేదు. టాలీ, అను మీద బతికేవాళ్లకి మాత్రం అది సరిపోదు, సరిపోతుందని మేం చెప్పం. కేరళ ప్రభుత్వ స్కూళ్లు ఏళ్లుగా ఉబుంటు అనే లినక్స్ రకం మీద తయారుచేసుకున్న సొంత లినక్స్‌తోనే పాఠాలు చెప్పుకుంటున్నాయి, మన స్కూళ్ల ల్యాబుల్లో మూలనపడ్డ సిస్టమ్‌లకి ఆ పని ఎందుకు చెయ్యలేమో విద్యాశాఖ చెప్పాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లని మేం అడిగేది కూడా చిన్న పనే. సచివాలయాల్లో, తహసీల్దార్ ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఎన్ని సిస్టమ్‌లు విండోస్ 10 మీద ఉన్నాయి, వాటిలో ఎన్ని 11కి పనికొస్తాయి, ఎన్ని రావు, లెక్క కట్టి బయటపెట్టాలి. రేషన్ కార్డులు, పింఛన్లు, భూముల వివరాల పని జరిగేది వాటి మీదే, కొత్తవి కొనడానికి డబ్బు చాలకపోతే ముందు ఆ సిస్టమ్‌లకే ఖర్చు పెట్టాలి.

మా ఆఫీసు లెక్క కూడా చెప్తాం. పేజీలు చేసే సిస్టమ్‌లు, అకౌంట్స్ సిస్టమ్ 11కి మారిపోయాయి. విలేకరుల గదిలో పాతది ఒకటి లినక్స్ మీద నడుస్తోంది. పాత పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవడానికి ఒక్క విండోస్ 10 సిస్టమ్ ఉంచుకున్నాం, దానికి నెట్ కేబుల్ పీకేసి పైన కాయితం అంటించాం, దీంట్లో పెన్‌డ్రైవ్ పెట్టొద్దు అని.