పద్నాలుగు రోజుల క్యూరింగ్

మా వీధికి ప్రణాళిక లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మార్చి 24న సీసీ రోడ్డు పోశారు. ఏప్రిల్ 9న మంచినీళ్ల పైపు కోసం అదే రోడ్డును బ్రేకరు పెట్టి పగలగొట్టారు. రెండు శాఖలకు ఇంత చక్కగా వంతు కుదరడం మామూలు విషయమా? ముందు పైపేసి తర్వాత రోడ్డు పోస్తే పని అక్కడితో అయిపోయేది. అయిపోతే బిల్లులెలా పుడతాయి?

మార్చి ఎండింగ్ అని ఉగాదికి అటూ ఇటుగా ఒక సర్కారీ పండగ వస్తుంది. 31లోపు ఖర్చు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయట. మా సైడుకాలవ ఏళ్ల తరబడి మురిగినా చలించనివాళ్లు, నిధులు మురుగుతాయనగానే రాత్రి పదకొండింటికి లైట్లు కట్టించి మరీ కాంక్రీటు పోశారు. ఏడాది చివరి నెలల్లో ఇలా ఎడాపెడా ఖర్చు చేయడం తప్పని కేంద్రం వారి 2017 ఆర్థిక నియమావళిలో 62వ నిబంధన ఉంది. అది ఢిల్లీకి. మా వార్డుదాకా రాలేదు.

మేస్త్రీ పోతూ పోతూ అన్నాడు: "పద్నాలుగు రోజులు క్యూరింగ్, అంటే నీళ్లు కట్టాలి సార్. మీ రోడ్డే కదా, మీరే చూసుకోండి." ఆయన చెప్పింది నిజమే, తడి ఆరితే కాంక్రీటు పగులుతుంది. దాని బలం లెక్కకట్టేదే 28 రోజులకి. సరేనని మట్టిగట్లు వేసి వీధిని వరిమడి చేశాం. మరి నీళ్లో? పైపు లేదు కదా! రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరే గతి. రిటైరైన హెడ్మాస్టారు ఏ ఇల్లు ఏ పూట పొయ్యాలో చార్టు రాసి గేటుకి అంటించారు. ఎదురింటి పిన్నిగారు బియ్యం కడిగిన నీళ్లు కూడా తెచ్చి పోశారు. మూలింటివాళ్లు వాళ్ల మడి ఎండబెట్టారని రెండు కుటుంబాలకి మాటల్లేవు. నేను ఒక పూట స్నానం మానేశాను.

ఫలితం దక్కింది. రోడ్డు ఎంత గట్టిపడిందంటే, బ్రేకరు కుర్రాడు మధ్యాహ్నానికే చెమటలు కక్కుతూ, "ఎవరండీ ఇంత నీళ్లు పోసింది? మామూలుగా గంటలో లేచిపోద్ది" అని మమ్మల్నే కసిరాడు.

రోడ్డు పోయించిన ఏఈ, అదే అసిస్టెంట్ ఇంజనీరు గారిని అడిగాను. "పైపు మాది కాదండీ, వేరే డిపార్ట్‌మెంటు. వాళ్ల ఎస్టిమేటు కిందటేడే శాంక్షనైంది" అన్నారు, అదేదో మాకు శుభవార్త అయినట్టు.

కిందటేడే! అంటే తెలుసు. తెలిసే పోశారు. రెండు ఆఫీసులూ ఒకే కాంపౌండులో ఉన్నాయి, ఒకే బడ్డీలో టీ తాగుతారు. ఒక్కమాట, "మీరెప్పుడు తవ్వుతారు?" అని ఒకే ఒక్కమాట అడగడానికి నోరు రాలేదా? గోతిలో ఉత్త మట్టి కూరి పోయారు. మొదటి వానకే అది కుంగింది. తెల్లారుజామున పాలబ్బాయి సైకిలుతో సహా అందులో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నెలన్నర కట్టు. ఇంటింటికీ పాలు పోస్తేనే వాడికి కూడు. ఆ నెలన్నర ఏ హెడ్డు కింద రాస్తారయ్యా? సిగ్గుండక్కర్లా?

నిన్న ఇద్దరు టేపు పట్టుకొచ్చి సైడుకాలవ కొలుచుకుంటున్నారు. గొయ్యి మీద ప్యాచ్ ఎప్పుడేస్తారని అడిగితే, "నిధుల్లేవండీ, మార్చిలో చూద్దాం" అన్నారు. హెడ్మాస్టారు చార్టు ఇంకా పీకలేదు.