గ్లూకోమీటరు పారేయమంటున్న మెసేజ్‌లో ఎంత నిజం?

వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది: ‘ఇంట్లో వాడే షుగర్ మెషీన్లన్నీ తప్పే చూపిస్తాయి. ల్యాబ్‌లో 140 వస్తే వీటిలో 158 వస్తుంది. సూది లేకుండా షుగర్ చెప్పే వాచీలు వచ్చాయి, అవి కొనుక్కోండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించుకుంటే చాలు.’ చివరి మాటలో సగం నిజముంది. మిగతాది నమ్మితే ప్రాణం మీదికొస్తుంది.

ముందు ఆ 140, 158 సంగతి. గ్లూకోమీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197, 2013 నాటిది. షుగర్ 100 మి.గ్రా., ఆ పైన ఉంటే నూటికి 95 రీడింగులు ల్యాబ్ విలువకు 15 శాతం అటూ ఇటూగా ఉండాలి. 100 లోపైతే తేడా 15 మి.గ్రా. దాటకూడదు. అంటే ల్యాబ్‌లో 140 ఉన్నప్పుడు మీటరు 119 నుంచి 161 దాకా ఏది చూపినా పాసైనట్టే. ఈ తేడాకు ఏ డాక్టరూ మందు మార్చరు.

అసలు ఆ పోలిక ఎలా చేశారు? తిన్న తర్వాత వేలికొస రక్తంలో షుగర్, మోచేతి దగ్గర సిర నుంచి తీసిన రక్తంలో కన్నా ఎక్కువుంటుంది. ట్యూబులోకి వెళ్లాక కూడా రక్తకణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి. సీరం వేరు చేయకుండా వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. బూడిదరంగు మూత ట్యూబులోని ఫ్లోరైడ్ దీన్ని ఆపుతుంది గానీ, పూర్తిగా పనిచేయడానికి గంట పైనే పడుతుంది. పోల్చాలనుకుంటే పరగడుపున, ల్యాబ్‌లోనే, సిర రక్తం తీసిన ఐదు నిమిషాల్లోపు వేలు పొడుచుకుని చూడండి. రెండు మూడుసార్లు 15 శాతం దాటితే అప్పుడు కంట్రోల్ సొల్యూషన్‌తో (చక్కెర ఎంతుందో ముందే తెలిసిన ద్రవం) స్ట్రిప్పులను పరీక్షించండి.

మీటరు తప్పు చూపడానికి అసలు కారణాలు చాలావరకు మన చేతుల్లోనే ఉంటాయి. మామిడిపండు కోసిన చేత్తో పొడుచుకుంటే వేలికున్న రసమే రీడింగును అమాంతం పెంచేస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోవాలి. కడిగే వీలు లేకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండోది వాడాలి. చుక్క రాలేదని వేలిని గట్టిగా పిండితే కణాల మధ్య నీరు కలుస్తుంది. పొడవాల్సింది వేలి మధ్యలో కాదు, పక్కన, నొప్పీ తక్కువే. స్ట్రిప్పులకు తేమ, వేడి పడవు. డబ్బా మూత వెంటనే బిగించాలి, వేరే డబ్బాలోకి మార్చకూడదు, మే నెలలో స్కూటర్ డిక్కీలో అసలే ఉంచకూడదు. ఫ్రిజ్ కూడా వద్దు. తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో లేబుల్ మీద చూసి, తెరిచిన తేదీ డబ్బా మీదే రాసుకోండి. రక్తహీనత ఎక్కువుంటే మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపే వీలుంది, ఇది డాక్టరుకు చెప్పాల్సిన విషయం.

ఇక వాచీలు. చర్మాన్ని గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే వాచీలను, ఉంగరాలను వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరి 21న హెచ్చరించింది. అలాంటి దేనికీ తాము అనుమతివ్వలేదని స్పష్టం చేసింది. ఇన్సులిన్ వేసుకునేవారికి అసలు 55 ఉన్నప్పుడు వాచీ 120 చూపిస్తే ఏమవుతుందో ఊహించండి. షుగర్‌ను రోజంతా కొలుస్తూ ఉండేలా చేతికి అంటించే సీజీఎం సెన్సర్ నుంచి అంకెను వాచీలో చూసుకోవడం వేరే సంగతి, అక్కడ చర్మం కింద సన్నటి తీగ ఉంటుంది. అది కొలిచేది కణాల మధ్య ద్రవాన్ని కాబట్టి రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఆ చేతిమీదే పడుకుంటే రాత్రి షుగర్ పడిపోకపోయినా పడిపోయిందంటూ దొంగ ‘లో’ అలారం మోగవచ్చు. ఒంట్లో లక్షణాలకూ అంకెకూ పొంతన లేకపోతే వేలు పొడిచి చూడాల్సిందే.

హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు మాత్రమే. 7 శాతం అంటే సుమారు 154 మి.గ్రా. రోజంతా 154 దగ్గరే ఉన్నా, 60కీ 250కీ ఊగినా అదే 7 రావచ్చు. ఐరన్ లోపం దాన్ని పెంచి చూపగలదు. రక్తస్రావం, రక్తమార్పిడి తగ్గించి చూపగలవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతూ నిలకడగా ఉన్నవారు రోజూ పొడుచుకోనక్కర్లేదన్నది నిజమే. వారానికి రెండు మూడు రోజులు ఏదో ఒక పూట తినకముందు, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు చూసుకుంటే ఏ భోజనం పెంచుతోందో తెలుస్తుంది. షుగర్‌ను మరీ తగ్గించేయగల ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వాడేవారికి ఇది చాలదు. వణుకు, చెమట వచ్చి మీటరులో 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్, లేదా మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. మీటరు అందుబాటులో లేకపోతే వెతుకుతూ కూర్చోకుండా ముందు పంచదార తీసుకోండి.